గేటు దాటకూడదు

"ఆ గేటు దాటి నాలుగుసార్లు లోపలికి వెళ్ళావా, లేదా?" అని అడిగాడు మేజిస్ట్రేటు.

"వెళ్ళానయ్యా," అన్నాడు డ్రైవరు.

అంతే. బుకాయింపు లేదు, సాకు లేదు. ఆ పొద్దుటి నుంచీ ప్రొబేషన్ షరతులు తప్పి వచ్చినవాళ్ళంతా జ్వరమనీ బస్సు తప్పిందనీ నంగనాచి కబుర్లు చెప్పి వెళ్ళినవాళ్ళే. సంతకం పెట్టడానికి ఎందుకు రాలేదంటే ఒకడు ఏకంగా బతికున్న తాతను చంపేశాడు. ఆ తాత బయట బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటున్నాడు.

డ్రైవరు మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు.

అతను బడి వ్యాను నడిపేవాడు. ఏడాది కిందట ఒక పొద్దున ఆ ఇంటి గేటు ముందు బండి వెనక్కి తీశాడు. అద్దంలో చూశాననే అంటాడు. చూసే ఉంటాడు పాపం. అద్దానికి అందనంత చిన్నవాడు, నాలుగేళ్ళ పిల్లాడు, బండి వెనక ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

కావాలని చేసింది కాదని కోర్టు అతన్ని జైలుకు పంపలేదు. రెండేళ్ళ ప్రొబేషన్ మీద వదిలింది. ప్రతి సోమవారం ప్రొబేషన్ ఆఫీసరు దగ్గర సంతకం పెట్టాలి. స్టీరింగు ముట్టుకోకూడదు. పిల్లాడి తల్లి ఉండే ఇంటి గేటు దాటకూడదు, ఆమెతో ఒక్క మాట మాట్లాడకూడదు. ఈ చివరి షరతు ఆమె అడిగి రాయించుకున్నది. ఏది తప్పినా రెండేళ్ళూ జైల్లోనే.

సంతకం ఒక్క వారం కూడా తప్పలేదు. స్టీరింగు జోలికి పోలేదు. సామిల్లులో చెక్కలు మోస్తూ, దాని వెనకే ఒక రేకుల గదిలో పడి ఉంటున్నాడు. ఇంత బుద్ధిగల మనిషికి ఆ ఒక్క షరతు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఆఫీసరు లేచి రిపోర్టు చదివింది. మొదటిసారి గేటు తీసుకుని లోపలికెళ్ళి మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. ఆఫీసరు పిలిచి తిట్టింది. రెండోసారి వాన మొదలైతే దండెం మీది బట్టలు తీసి వరండాలో పెట్టి వచ్చాడు. బెదిరించింది. మూడోసారి వెనక తలుపుకు కొత్త గడియ బిగించాడు. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. చేసింది చాలక మళ్ళీ ఆ గుమ్మం తొక్కడానికి మొహం ఎలా చెల్లిందని ఎదురింటావిడ వీధంతా వినేలా కడిగేసిందట. ఈసారి ఆఫీసరు బతిమాలింది కూడా.

నాలుగోసారి పిల్లాడి తల్లే తలుపు తీసింది. ఎదురుగా అతను. ఆమె గుమ్మంలోనే కూలబడిపోయింది. తేరుకున్నాక ఆఫీసరుకు ఫోను చేసింది.

"మనిషి మంచివాడే సార్, మాటే వినడు," అని రిపోర్టులో లేని ముక్క ఒకటి కలిపి కూర్చుంది ఆఫీసరు.

ఎందుకు వెళ్తున్నావని అడిగాడు మేజిస్ట్రేటు.

"సామిల్లు మూశాక బయల్దేరతానయ్యా. ఎటు పోవాలనుకున్నా కాళ్ళు అటే పోతాయి."

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, పిల్లాడి తల్లిని పిలిపించాడు.

ఆమె చిక్కి సగమైంది. డ్రైవరు వైపు చూడకుండానే వచ్చి నిలబడింది. ఆమె ఊ అంటే చాలు, అతను ఆ పూటే జైలుకు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"జైల్లో వేయొద్దండీ," అంది. "వేస్తే మాత్రం నాకేం తిరిగొస్తుంది? రావద్దని చెప్పండి, చాలు. కోపంతో కాదండీ. ఆ మొహం కనబడితే నాకు ఆ పొద్దు మళ్ళీ మొదలవుతుంది."

డ్రైవరు బోను కర్ర పట్టుకుని ఏడ్చాడు. అంత మనిషి అలా వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తుంటే చూడలేం. బంట్రోతు కూడా తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

మేజిస్ట్రేటు ప్రొబేషన్ రద్దు చేయలేదు. ఇంకో ఏడాది పొడిగించాడు. గేటు సంగతి అలా ఉంచి, ఇకమీదట ఆ వీధిలోకే అడుగు పెట్టకూడదన్నాడు. ఈసారి తప్పితే తన చేతుల్లో ఏమీ ఉండదనీ హెచ్చరించాడు. చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగాడు.

"ఆ గడియకి ఒక స్క్రూ తక్కువైందయ్యా. ఎవరితోనైనా వేయించుకోమని ఆమెకు చెప్పండి."

ఆమె అక్కడే, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. అయినా మేజిస్ట్రేటు ఆమె వైపు తిరిగి ఆ మాటే చెప్పాడు.

"వేయించానని చెప్పండి," అంది ఆమె.

ఆయన అదీ చెప్పాడు.

తర్వాతి కేసు పిలిచారు. ఆమె బయటికి వెళ్ళబోతుంటే గుమాస్తా ఆపాడు. అసలు కేసప్పుడు సాక్ష్యంగా తీసుకున్న వస్తువొకటి ఇంకా స్టోరు గదిలోనే ఉండిపోయిందట. కోర్టుకు ఇక దాంతో పని లేదు, పట్టుకెళ్ళమన్నాడు. ఖాకీ కవరులో పిల్లాడి బూట్లు, ఒక జత. లేసులు ముడి వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఆమె కవరును గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

ముట్టినట్టు రిజిస్టరులో పిల్లాడి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలన్నాడు గుమాస్తా. తల్లి అన్న గడిలో ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు గీత దాటాయి.

ఆమె ఐదడుగులు పక్కకు జరిగాక, తండ్రి అన్న గడిలో డ్రైవరు సంతకం పెట్టాడు.