ఏవండీ

“రండి... రండి... ఇంకొంచెం ఎడమకి తిప్పండి... ఏవండీ, చాలు, ఆగండి!”

వెనక్కి వస్తున్న ట్రైలర్ క్యాంప్‌గ్రౌండ్‌లో తమకిచ్చిన సైట్‌లో సరిగ్గా ఆగింది. పికప్ దిగిన లోకేష్ “థాంక్సండీ” అన్నాడు. “పర్వాలేదండీ” అంది గిరిజ.

పక్క సైట్‌లో, అద్దె మోటార్‌హోమ్ ముందు కుర్చీ వేసుకు కూర్చున్న శేషమ్మకి ప్రాణం లేచొచ్చింది. గ్రాండ్ టీటన్ కొండల మీద మంచు చూసినప్పుడు కూడా ఆవిడ ముఖం అంత వెలగలేదు. విజయవాడ నుంచి అమెరికా వచ్చి మూడు నెలలైంది. ఫ్రిస్కోలో కూతురి దగ్గర ఉన్నన్నాళ్లూ, మొగుణ్ణి ‘ఏవండీ’ అన్న ఆడపిల్ల ఒక్కతీ ఆవిడకి తగల్లేదు.

“విన్నావుటే జాహ్నవీ? కాపురమంటే అదీ!”

జాహ్నవి వినదలచుకోలేదు. తనతో ఎమ్మెస్ చదివిన ఉదయ్‌ని పెళ్లి చేసుకుంటానని అడిగి ఆర్నెల్లయింది. అబ్బాయి చదువు, ఉద్యోగం, ఇంటిపేరు అన్నీ శేషమ్మకి నచ్చాయి. నచ్చనిది ఒక్కటే. వాడు ఫోన్‌లో “ఏంటే” అంటాడు, ఇది “ఒరేయ్, ఇక పెట్టెయ్‌రా” అంటుంది. మర్యాద లేని కాపురం నిలవదని ఆవిడ సిద్ధాంతం. తండ్రి అనంతరామయ్యకి సొంత సిద్ధాంతాలేవీ లేవు. ఇంట్లో ఉన్నవే సరిపోతున్నాయి.

మధ్యాహ్నం శేషమ్మ పులిహోర డబ్బా పట్టుకుని, కూతుర్ని వెంటేసుకుని పక్క సైట్‌కి వెళ్లింది.

“పెళ్లై ఎన్నేళ్లయిందమ్మా?”

“పెళ్లి జరిగి ఎనిమిదేళ్లు ఆంటీ. ఇద్దరం క్లాస్‌మేట్స్‌మి” అంది గిరిజ.

“క్లాస్‌మేట్‌వైనా ఎంచక్కా అండీ అంటున్నావే! మొదట్నుంచీ ఇంతేనా?”

గిరిజ తుడిచిన ప్లేటునే మళ్లీ తుడిచింది. “లేదాంటీ. తర్వాత అలవాటు చేసుకున్నాను.”

శేషమ్మ కూతురి వైపు చూసిన చూపులో పెద్ద విజయమే ఉంది.

“ఇంత ముచ్చటైన ట్రైలర్! ఇంకా ఎక్కడెక్కడ తిరుగుతారు?”

“ఇదే లాస్ట్ ట్రిప్ ఆంటీ. పైన మోంటానాలో, కాలిస్పెల్ అనే ఊళ్లో ఒకాయన కొంటున్నారు. ట్రైలర్ టైటిల్ కాగితం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇద్దరం వెళ్లి సైన్ చేయాలి. ఎలాగూ దారిలోనే కదా అని పార్కులు చూసుకుంటూ వెళ్తున్నాం.”

తిరిగొచ్చిన శేషమ్మ మొగుడి ముందు చిట్టా విప్పింది. “ఆ అబ్బాయి తన కంచం తనే కడుక్కుంటున్నాడండీ! మీరు ముప్ఫై ఐదేళ్లలో ఒక్కనాడు కడిగారా? పైగా ఆ అమ్మాయి ట్రైలర్‌లో, అతను బయట టెంట్‌లోనట. గురక పెడతాట్ట. పెళ్లాం నిద్ర చెడకూడదని ఎలుగుబంట్లు తిరిగే చోట బయట పడుకుంటున్నాడు. అదీ ప్రేమంటే!”

అనంతరామయ్య గురక కూడా ముప్ఫై ఐదేళ్లదే. ఆయన తల తిప్పుకుని కొండల్ని చూడసాగాడు.

ఆ ఉత్సాహంలోనే శేషమ్మ కూతురికో వరమిచ్చింది. “వారం రోజులు ఉదయ్‌ని అండీ అని పిలువు. నోరు తిరిగిందా, ముహూర్తాలు పెట్టిస్తాను.”

జాహ్నవి ఒక్క పరుగున సిగ్నల్ దొరికే కొట్టు దగ్గరికి వెళ్లి ఫోన్ చేసింది. “ఏవండీ, లంచ్ చేశారా?”



“ఏమైందే? నామీద అంత కోపమా?” అన్నాడు ఉదయ్.

మర్నాడు పొద్దున్నే అందరూ కలిసి కొండ మీది సరస్సుకి బయల్దేరారు. దారి ఇరుకు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. ఒక మలుపులో శేషమ్మ ఫొటో అడిగింది. నలుగురూ వరసగా నిలబడ్డారు. ఫ్రేమ్‌లో అందరూ పట్టాలని లోకేష్ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నాడు.

“ఏవండీ, కొంచెం చూసుకోండి” అంది గిరిజ.

అతను కెమెరాలోంచి కళ్లు తీయలేదు. ఇంకో అడుగు వేశాడు. మడమ కింద రాయి ఊడి లోయలోకి దొర్లింది.

“ఒరేయ్ లోకీ! ఆగరా! చస్తావురా వెధవా!”

లోకేష్ కొయ్యబారిపోయాడు. గిరిజ పరుగెత్తి, చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది. లాగిన చొక్కా వదల్లేదు. అందరి ముందూ భోరుమని ఏడ్చింది.

“చావలేదు కదే పిచ్చిదానా” అన్నాడతను.

అతను బతికినందుకు శేషమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత మాత్రం ఆ ఇద్దరితో ఒక్క మాట మాట్లాడలేదు. మోటార్‌హోమ్ చేరాక కూతుర్ని కూర్చోబెట్టింది.

“అలవాటు చేసుకున్న మర్యాద ఎన్నాళ్లుంటుందో చూశావుగా. పదిమందిలో మొగుణ్ణి పట్టుకుని వెధవా అంది. నువ్వూ అంతే. ఉదయ్ మాట ఇక ఎత్తకు.”

జాహ్నవి ఎంత ఏడ్చినా ఆవిడ కరగలేదు.

తెల్లారేసరికి పక్క సైట్‌లో టెంట్ లేదు.

“కుర్రాడికి గురక తగ్గినట్టుంది” అన్నాడు అనంతరామయ్య.

ట్రైలర్ తగిలించుకున్న పికప్ దక్షిణం వైపు తిరిగి ఉంది. ఆయనకి దిక్కులు బాగా తెలుసు. “కాలిస్పెల్ అటు కదమ్మా?” అని ఉత్తరం వైపు చూపించాడు.

“అక్కడికి వెళ్లట్లేదంకుల్. ఇంటికే వెళ్తున్నాం” అంది గిరిజ, పులిహోర డబ్బా తిరిగిస్తూ.

వెనకాల ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన జాహ్నవి కనిపించింది. సంగతేమిటని గిరిజ అడిగింది. జాహ్నవి చెప్పింది. గిరిజ ఇంకేమీ ఆలోచించకుండా శేషమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

“కాపురం చేసిన ఏడేళ్లూ వీణ్ణి ‘ఒరేయ్’ అనే పిలిచానాంటీ, ‘ఏవండీ’ అనడం మొదలుపెట్టింది విడాకులు తీసుకున్నాకే.”