శుక్రవారం నాటి చెక్కు

రామకాంత్ చెక్కు రాసి, కవర్లో పెట్టి భార్య చేతికిచ్చాడు.

"కార్డు డబ్బు కట్టడానికి ఇవాళే ఆఖరు. సాయంత్రంలోపు బ్యాంకు డబ్బాలో వేసెయ్ దుర్గా, మర్చిపోకు."

జిరాక్సు మిషన్‌కి ఏదో సామాను కావాలని ఒంగోలు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మిషన్ క్రెడిట్ కార్డు మీద కొన్నదే. గుంటూరు మిర్చి యార్డు ఎదురుగా అతనిది చిన్న కొట్టు. మొదటి ఏడాదంతా ముప్పావలా వడ్డీయే అన్నారు. బయట రెండు రూపాయలకి తక్కువ ఎవరిస్తారు? ఆ ఏడాదిలో బాకీ తీరిపోతే మిషన్ సొంతమైపోతుంది. రామకాంత్ ఆశంతా అదే.

శ్రీదుర్గ చెప్పులు వేసుకుంటుంటే, దీపం ముందు కూర్చున్న అత్తగారు వెంకాయమ్మ కేకేసింది.

"ఎక్కడికే?"

"చెక్కు వేసొస్తానత్తయ్యా."

"శుక్రవారం పూట ఇంట్లో లక్ష్మిని గడప దాటిస్తావా?"

"డబ్బు కాదత్తయ్యా, కాగితం."

"ఆ కాగితం ఇస్తే బ్యాంకులో వాళ్ళకి ఏమొస్తాయి, బొరుగులొస్తాయా? మీ మామగారు పత్తి బేరం చేసినన్నాళ్ళూ శుక్రవారం ఒకరికి రూపాయి ఇచ్చి ఎరగరు. అప్పులవాళ్ళు కూడా ఆ రోజు మా గుమ్మం తొక్కేవాళ్ళు కాదు."

"ఇవాళే ఆఖరన్నారాయన."

"ఒక్కరోజుకి బ్యాంకేం మునిగిపోదులే. రేపు పొద్దున్నే వేద్దువుగాని."

దుర్గ చెప్పులు విప్పేసింది. ఏం చేస్తుంది మరి?

భోజనాలయ్యాక వాకిట్లో సైకిలు చప్పుడైంది. అరవై దాటిన మనిషి, చెమటకి చొక్కా ఒంటికంటుకుపోయింది.

"రామకాంత్ గారిల్లు ఇదేనాండీ? కార్డు డబ్బు కట్టేశారా అమ్మా?"

కార్డులవాళ్ళు మనుషుల్ని పెట్టి వీధిలో పరువు తీస్తున్నారని వెంకాయమ్మ నలుగురి నోటా విన్నదే. కొంగు బిగించి గుమ్మంలోకొచ్చింది.

"వచ్చావా నాయనా! గడువింకా దాటనే లేదు, అప్పుడే మీద పడ్డావా?"

"దాటకూడదనే వచ్చానమ్మా. ఒక్క నెల తప్పితే ఆ ముప్పావలా వడ్డీ పోతుంది. మూడు రూపాయలు వేస్తారు. ఆనక ఎంత బతిమాలినా తగ్గించరు."

"బెదిరిస్తున్నావా?"

"అయ్యో, లేదమ్మా. చెక్కుంటే ఇవ్వండి, నేనే డబ్బాలో వేస్తాను."

"శుక్రవారం ఇవ్వం. రేపు రా."

ఆయన జేబు తడుముకున్నాడు.

"పోనీ, ఈ నెలది నేను కట్టేస్తాను. కార్డు నంబరు చెప్పండి చాలు. రేపు నా డబ్బు నాకిద్దురుగాని."

వెంకాయమ్మ పకపకా నవ్వింది.

"విన్నావుటే దుర్గా! వసూలుకొచ్చినాయన ఎదురు డబ్బు కడతాట్ట! నంబరు కావాలంట, నంబరు! ఏవయ్యా, నన్ను చూస్తే అంత వెర్రిదానిలా కనిపిస్తున్నానా?"

"అమ్మా, నేను వసూలుకి..."

"ఇంకొక్క మాట మాట్లాడావంటే వీధి వీధంతా పిలుస్తా!"

దుర్గ మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మం దాకా వచ్చి, అత్తగారి చూపుకి అక్కడే ఆగిపోయింది.

ఆయన సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

చెక్కు శనివారం పొద్దున్నే డబ్బాలో పడింది.

మరుసటి నెల బిల్లులో వడ్డీ మూడు రూపాయలకి ఎక్కింది. కొట్టు అద్దె, ఆ వడ్డీ రెండూ కట్టడం రామకాంత్ వల్ల కాదు. మిషన్ అమ్మితే సగం ధరకి తీసుకుంటానన్నాడు పక్క కొట్టు మాబు సాహెబ్.

రామకాంత్ తిన్నగా కార్డు ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటర్లో షాజాదీ అనే అమ్మాయి ఉంది.

"ఒక్కరోజండీ! ఒక్కరోజుకి ఇంత శిక్షా?"

"రూలు అంతే సార్. ఒకసారి తప్పితే పాత వడ్డీ మళ్ళీ రాదు."

"ఆ రూలు కార్డు అంటగట్టేటప్పుడు చెప్పాలిగా! దేవకుమారి అని మీ ఆఫీసు పిల్లే, అన్నయ్యా అన్నయ్యా అంటూ కొట్టుకొచ్చి సంతకం పెట్టించుకుంది. ఏడాదంతా ముప్పావలాయేనంది. అబద్ధాలకోరు! పిలవండి ఆ పిల్లని."

షాజాదీ చేతులు కంప్యూటర్ మీద ఆగిపోయాయి.

"తనిక లేదండీ. వేసవిలో చిలకలూరిపేట రోడ్డు మీద లారీ గుద్దేసింది."

రామకాంత్ కుర్చీలో కూర్చుండిపోయాడు.

"ఆ రూలు తనకీ ఎవరూ చెప్పలేదు సార్. తెలిశాక, కార్డు తీసుకున్నవాళ్ళందరికీ ఇంటింటికీ వెళ్ళి చెబుతానంది. సగం మందికి కూడా చెప్పకుండానే పోయింది."

అతను గొంతు తగ్గించాడు.

"పోనీ, మీరు పంపినాయనైనా మా అమ్మకి విడమర్చి చెప్పొచ్చుగా?"

"మేమెవర్నీ పంపలేదే!"

"సైకిలు మీద ఒక పెద్దాయన వచ్చాట్ట. తన జేబులోంచి కడతానన్నాట్ట కూడా."

షాజాదీ అటూ ఇటూ చూసింది.

"గడువు దాటకముందే గుర్తుచెయ్యడానికి కంపెనీ మనిషిని ఎందుకు పంపుతుంది సార్? మీరు తప్పితేనే కదా దానికి లాభం. ఆయనకి పేర్లూ తేదీలూ నేనే చెప్పాను. పైవాళ్ళకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

"ఇంతకీ ఎవరాయన?"

"ఆ పిల్ల మాట నమ్మి సంతకం పెట్టినవాళ్ళెవరూ తనని అబద్ధాలకోరు అనకూడదని, ఎండనకుండా సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు సార్, దేవకుమారి వాళ్ళ నాన్న."