ఎక్కని మెట్టు

"అచ్చేస్తున్నారట!"

ఉత్తరం ఊపుకుంటూ ఎల్‌స్పెట్ ఊరి హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. ఇన్నెస్‌తో పెళ్ళయి మూడు వారాలు. చేతులకి ఓట్స్ పిండి అలాగే ఉంది. ముద్దు పెట్టేసరికి ఇన్నెస్ బుగ్గలు రెండూ తెల్లబడ్డాయి.

పోర్ట్‌సోయ్ రేవు జనమంతా చప్పట్లు కొట్టారు.

ఇన్నెస్ వెలికితీసిన ఫిడేలు బాణీ పుస్తకంలోకి ఎక్కుతోంది. దాని చరిత్రా అతనే రాశాడు. 'మూడొందల ఏళ్ళ నాటిది. కట్టిందెవరో తెలియదు.'

"వాయించవోయ్!"

వాయించాడు. నింపాదిగా పైకెక్కి, చివరి మెట్టు దగ్గర ఆగి, దిగిపోయే బాణీ అది. ఆ లోటు పూడ్చుదామని ఇన్నెస్ అక్కడ చిటికెనవేలు చాచి, పై స్వరం ఒకటి కలిపాడు.

"తియ్యి ఆ వేలు!"

వెనక బల్ల మీద ఒక ముసలావిడ. ఊరికి కొత్త. టీ తాగుతూ కూడా చేతుల ఉన్ని తొడుగులు తియ్యలేదు.

"ఏంటవ్వా?"

"పాట అంత దూరం పోదు."

"కట్టినవాడు నీ చెవిలో చెప్పాడా?"

జనం ఘొల్లుమన్నారు.

"మూడొందల ఏళ్ళని నీకెవరు చెప్పారు?"

"మా తాత పడవ మీద ఈల వేసేవాడు."

"ఆయనెక్కడ విన్నాడో అడిగావా?"

ఇన్నెస్‌కి ఒళ్ళు మండింది. "నువ్వేం చేసేదానివవ్వా?"

"హెర్రింగ్ చేపలు కోసేదాన్ని. పదమూడో ఏట కత్తి పట్టాను."

"అయితే చేపల సంగతి చెప్పు. ఫిడేలు నాకొదిలెయ్."

ఆవిడ విసురుగా లేచింది. "తెలియదని రాశావే, ఎవర్నైనా అడిగి రాశావా? ఇటు చూడు!"

ఎడమచేతి తొడుగు లాగి బల్ల మీద కొట్టింది.

ఇన్నెస్ చూడలేదు. అప్పటికే వీపు తిప్పేశాడు. "ఎవరైనా ఈవిణ్ణి బస్సెక్కించండి."

"అక్కర్లేదు. కాళ్ళు రెండూ సరిగ్గానే ఉన్నాయి నాకు."

తలుపు దడాలుమంది.

ఇంటికొచ్చినా అతని కోపం చల్లారలేదు. "శుభమా అని ఉత్తరమొస్తే, ఇవాళే తగలాలా ఆవిడ!"

ఎల్‌స్పెట్ మొహంలో ఇందాకటి నవ్వు లేదు. హాల్లో బల్ల మీద ముసలావిడ వదిలేసిన తొడుగు అతని ముందు పడేసింది.

"తొడుక్కో."

దూర్చాడు. చిటికెనవేలు అడ్డుపడింది. చిరుగు కాదు, కుట్టు కాదు. అక్కడ వేలే అల్లలేదు.

ఇన్నెస్ కిటికీ దగ్గరికి ఉరికాడు. ఆఖరి బస్సు కొండ దాటుతోంది.

"రేపు వెళ్ళి అచ్చు ఆపిస్తాను" అన్నాడు.

"ఆపి, ఎవరి పేరు రాయిస్తావు? పేరైనా అడిగావా?" ఎల్‌స్పెట్ కళ్ళు నిప్పులు. "నువ్వు అచ్చు ఆపు. నేను రేపు పొద్దున్నే తీరం వెంట గడప గడపా అడుగుతాను, కత్తికి వేలు పోతే, మిగిలిన వేళ్ళకి అందినంత మేరకే ఈ పాట కట్టుకున్నావిడ ఇల్లెక్కడని."