రెండో స్విచ్చి

బావమరిది ఫ్లాస్కులోంచి మొదటి గ్లాసు టీ ఆ పెద్దాయనకు పోశాడు. రెండోది హెడ్డుకు.

హెడ్డుకు కడుపు మండింది.

ఆ అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా అతనే హెడ్ ఎలక్ట్రీషియన్. అందరి నోట్లోనూ నలిగి హెడ్డుగా మిగిలాడు. నెలాఖరుకు సూపర్‌వైజర్ కుర్చీ ఖాళీ అవుతోంది. అది తనదేనని ఇంట్లో చెప్పి, కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పాత సంచి ఒకటి భుజాన వేసుకుని ఈ పెద్దాయన దిగాడు.

"మీ ఎనిమిది మెషీన్ల కరెంటు ప్యానెళ్లలో చిన్న పని సార్. రోజుకొకటి చేసి వెళ్లిపోతా. సామాను కూడా నాదే," అన్నాడట మేనేజర్‌తో. మేనేజర్ సరేనన్నాడు.

'చల్లకొచ్చి ముంత దాస్తున్నాడు. కన్ను నా కుర్చీ మీదే,' అనుకున్నాడు హెడ్డు.

పెద్దాయన మొదటి ప్యానెల్ తెరిచి, అన్ని వైర్లలోంచి కావలసినదాన్ని ఇట్టే పట్టుకున్నాడు.

"బావా, డ్రాయింగ్ కూడా చూళ్ళేదు!" అన్నాడు హెడ్డు కింద హెల్పరుగా చేసే బావమరిది, నోరు తెరిచి.

"నేను మాత్రం చూశానా? ప్యానెల్ తలుపు వెనకున్న ఆ కాగితం ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా విప్పానా?"

అది అతని గొప్ప.

"ఇంతకీ ఏం బిగిస్తున్నారేంటి?" అని పెద్దాయన్ని నిలదీశాడు.

"కంట్రోల్‌కి వేరే స్విచ్చి, హెడ్డుగారూ. మెయిన్ ఆపితే మోటారుకే కరెంటు ఆగుతుంది. బటన్లకీ లైట్లకీ పక్క ప్యానెల్లోంచి వస్తోంది. అది ఆగదు."

"ఆ మాత్రం మాకు తెలీదా?"

"మీకు తెలుసు. ఒకచోట తెలీనివాడు మెయిన్ ఆపి చెయ్యి పెట్టాడు. ఇంటికి వెళ్ళలేదు. ఆ ప్యానెల్ కట్టినవాడికి అప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు. మీ తర్వాత వచ్చేవాడి కోసమే ఇదంతా."

హెడ్డు చెవిలో ఆఖరిమాటే పడింది. నా తర్వాత వచ్చేవాడా? అంటే ఈయనేగా!

ఏడోరోజు మేనేజర్ భుజం తట్టాడు.

"ఇలాంటివాడు దొరకడం మన అదృష్టం హెడ్డూ."

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఇక ఊరుకుంటే ఏకు మేకవుతుంది.

"అదృష్టమా సార్? ఆయన చెయ్యి పెట్టాకే మూడో మెషీన్ ఆగింది. అన్నీ కెలికి పోతున్నాడు."

మెషీన్ ఆగింది బెల్టు తెగి. ఆ తెగిన బెల్టును మార్చింది హెడ్డే.

సాయంత్రానికల్లా పెద్దాయన్ని పొమ్మన్నారు. ఆయన వాదించలేదు. గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు. దాని చివర స్ప్రింగులా మూడు చుట్లు. సంతకంలో కూడా ఇంత పొగరా అని హెడ్డు పళ్లు నూరాడు.

పెద్దాయన సంచిలోంచి ఎర్రపిడి స్విచ్చి ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇది ఎనిమిదోదానికి. మీ చేత్తో బిగించండి బాబూ. మరిచిపోకండి."

హెడ్డు మరిచిపోలేదు. సొరుగులో పడేశాడు.

నెలాఖరుకు కుర్చీ వచ్చింది. కొత్త చొక్కా వేసుకుని కూర్చున్న నాలుగోరోజే ఎనిమిదో మెషీన్ మొరాయించింది. బావమరిది వెళ్ళాడు. కేక వినిపించింది.

ఆసుపత్రి మంచం మీద అతని కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. రెండు వేళ్లు దక్కవన్నారు.

"మెయిన్ ఆపే పెట్టాను బావా. రెండో స్విచ్చి కూడా ఆపుదామని వెతికా. దీనికి లేదు. పెద్దాయన పని ముగించుకునే వెళ్ళాడు, అక్కర్లేదు గనకే దీనికి పెట్టలేదు అనుకున్నా. ఆయన పొరపాటు చెయ్యడుగా."

పక్కనే కూర్చున్న భార్య తమ్ముడి తల నిమురుతోంది. హెడ్డు ఆమె మొహం చూడలేకపోయాడు. ఆ రెండు వేళ్లూ తన అసూయే తినేసిందని అతనికి తెలుసు.

పెద్దాయన ఆచూకీ కోసం బస్టాండు దాకా మనిషిని పంపాడు. చిరునామా ఎవరి దగ్గరా లేదు.

మర్నాడు పొద్దున్నే సొరుగులోంచి స్విచ్చి తీసుకుని ఎనిమిదో ప్యానెల్ ముందు నిలబడ్డాడు. పక్క ప్యానెల్ కూడా ఆపాడు. కానీ ఏ వైరు మధ్యలో బిగించాలో అంతుపట్టలేదు. సిగ్గు చంపుకుని, తలుపు వెనకున్న డ్రాయింగ్ తీసి మొదటిసారి విప్పాడు.

కాగితం అడుగున, 'ఎనిమిది ప్యానెళ్లూ తయారుచేసినవారు' అన్న మాటల పక్కన, చివర మూడు చుట్లు తిరిగిన సంతకం ఉంది.