ఐదో కాగితం

"ఇంకా నాలుగు ఎప్పుడు చెప్తరు సార్?"

క్లాసులో చిన్ని లేచి అలా అడిగేసరికి పాపయ్య సారుకు ఒళ్లు మండింది.

తొంభై ఒకటిలో సూర్యాపేటలో పదో తరగతి ఇంగ్లీషు తప్పినవాళ్లకు ఆయన ట్యుటోరియలే దిక్కు. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. వాళ్లను రప్పించింది ఒకే ఒక్క మాట, 'గెట్'.

గెట్ అంటే పొందడమని ఎవరైనా చెబుతారు. పాపయ్య సారు దానికి ఇరవై వాడుకలున్నాయనేవాడు. 'ఐ గాట్ ఎ లెటర్' అంటే ఉత్తరం అందింది, అక్కడ రిసీవ్ అనొచ్చు. 'గెటింగ్ ఓల్డ్' అంటే వయసు మీద పడుతోంది, అక్కడ బికం. 'గెట్ హోమ్' అంటే ఇల్లు చేరడం, అక్కడ రీచ్. ఇలా పదహారు గడగడా చెప్పి ఆగిపోయేవాడు.

ఆగక ఏం చేస్తాడు? మిగతా నాలుగూ ఆయనకే తెలియవు.

ఈ గుట్టు కిరాణా కొట్టు లచ్చమ్మకు తెలుసు. ఆమె పాత కాగితాలతో పొట్లాలు కట్టేది. ఏడాది కింద సారు జీలకర్ర పొట్లం విప్పితే, గుండ్రటి చేతిరాతతో గెట్ గురించి రాసిన కాగితం బయటపడింది. 'ఇరవై వాడుకలు, ఐదు కాగితాలు' అని పైన ఉంది. ఇక ఆ రోజు నుంచి సారు ఇంట్లో పప్పులో జీలకర్ర, చారులో జీలకర్ర, చివరికి మజ్జిగలోనూ జీలకర్రే. నాలుగు కాగితాలు దొరికాయి. ఐదోది దొరకలేదు.

వాటిని తన పేరుతో పుస్తకంగా వేయడానికి మిర్యాలగూడ ప్రెస్సులో ఇచ్చాడు. 'ఇరవై వాడుకలు' అని అట్ట అచ్చయిపోయింది. శనివారంలోగా ఆ నాలుగూ ఇవ్వకపోతే పరువు గంగలో కలిసినట్టే.

చిన్నిని కసిరి కూర్చోబెడుతుంటే గుమ్మంలో ఒక ముసలాయన కనిపించాడు. మాసిన ధోవతి, చంకలో గుడ్డసంచి.

"సార్, కాగితాల గురించి జర మాట్లాడాలె. లచ్చమ్మ చెప్పింది."

పాపయ్య చప్పున పిల్లల వంక చూశాడు. పొట్లాల సంగతి పిల్లల చెవిన పడితే ఇంకేమన్నా ఉందా?

భయమంతా కోపమైంది. ఇది చిత్తుకాగితాల దుకాణం కాదన్నాడు. అడ్డమైనవాళ్లంతా బడిలోకి వస్తారా అన్నాడు. లోపలికి అడుగు పెట్టబోయిన ముసలాయనను భుజం పట్టి నెట్టాడు. సంచి కిందపడింది. పిల్లలు నవ్వారు.

ముసలాయన సంచి దులుపుకున్నాడు. బోర్డు మీది గెట్ వాడుకల వంక చూశాడు.

"ఇవి ఎవరు రాసిండ్రు సార్?"

"నేనే రాసిన. ఇరవై ఏండ్ల కష్టం. నీకేం తెలుస్తది, నడువ్."

"మంచిగ రాసిండ్రు సార్," అని ముసలాయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం పాపయ్య కొట్టుకెళ్లి లచ్చమ్మ మీద విరుచుకుపడ్డాడు. దారిన పోయే ప్రతివాడికీ తన గుట్టు చెబుతావా అన్నాడు.

లచ్చమ్మ కూడా తగ్గలేదు. పోయినవారం ఆ ముసలాయన కొట్టు దగ్గర ఆగాడట. సారు పొట్లాల కాగితాలు ఏరుకుంటాడని తాను చెబితే, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ మురిసిపోయాడట. అలాంటివి తన దగ్గర ఇంకా ఉన్నాయని, తెచ్చి ఊరికే ఇస్తానని అన్నాడట.

పాపయ్య కొట్టంతా కళ్లతో వెతికాడు. ఆ సంచి ఏదని అడిగాడు.

"పగటాల ఈడనే కుమ్మరించి పోయిండు. సారుకు అక్కెర లేదంట, పొట్లాలకన్న పనికొస్తయి అన్నడు. ఇయ్యాల అంగడి గద సారూ, అన్నీ అయిపోయినయ్."

"ఏ ఊరంట?"

"చెప్పలే. ఇగ ఇటు రాడంట."

వారపు సంతకు వచ్చిన జనం ఎప్పుడో చెదిరిపోయారు. మునగాల పోయే బండ్లలో, మోతె ఊరివాళ్ల సంచుల్లో మిరపకాయలకూ చింతపండుకూ చుట్టుకుని ఐదో కాగితం ఎటు పోయిందో ఎవరు చెప్పగలరు?

"మీకని ఒక్కటి పక్కన పెట్టిన," అంటూ లచ్చమ్మ జీలకర్ర పొట్లం చేతిలో పెట్టింది.

ఆత్రంగా విప్పాడు. జీలకర్ర నేలపాలైంది. రాత అదే, కానీ అది ఐదో కాగితం కాదు, కట్టకు పైన పెట్టిన ఉత్తరం.

'ముప్పై ఏళ్లు బడి గంట కొడుతూ, క్లాసు తలుపుల బయట నిలబడి విని రాసుకున్నవి. నా రాతను చదివిన మొదటి సారు మీరే కాబట్టి, గెట్ ఐదో కాగితంతో పాటు ఈ కట్టలోని మిగతా అరవై మాటలూ మీకే, మీ పేరు మీదే చెప్పుకోండి — యాకోబు, బడి బంట్రోతు.'