పదిహేడో నంబరు

"ఇల్లంతా రంగు కొట్టించి ఆ చిన్నగది గుమ్మం ఒక్కటీ వదిలేస్తే సగం గీసిన గడ్డంలా ఉంటుందే తల్లీ," అంది నాయనమ్మ. పొద్దుటినుంచీ ఆవిడది అదే మాట.

"ఉండనీండి అత్తయ్యా," అంది అమ్మ.

"రేపు రంగులవాళ్ళు చూసి నవ్వుతారు."

"నవ్వనీండి."

"నీ మంచికే చెబుతున్నాను. ఆ పెన్సిలు గీతలూ మరకలూ కనబడకుండా పోతే నీ ప్రాణానికే కాస్త తెరిపి."

అమ్మ చిన్నగది తలుపు దగ్గరకి లాగి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. చప్పుడు కాస్త ఎక్కువే చేసింది.

ఈ గొడవేదీ పెద్దపాప చెవికెక్కడం లేదు. భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నాన్న పక్కన కూర్చుంది. ఈ నెలాఖరుకి నాన్న కాలేజీ మాస్టారి ఉద్యోగంనుంచి రిటైరవుతున్నాడు. ఎదిగే పిల్లల ఎత్తు మీద ఆయన చేసిన పరిశోధన రేపు పత్రికకి పంపాలి. పెద్దపాప హాస్టల్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో మొదలైన పని. వీధి చివరి బడిలో అరవైమంది పిల్లలు. ఆరో ఏటినుంచి పదహారో ఏటిదాకా, ఏడాదికోసారి వాళ్ళని గోడకి నిలబెట్టి, తన చేత్తో కొలిచి రాసుకున్న లెక్కలు.

పంపేముందు ఏఐ చేత తప్పులు వెతికిస్తానని పట్టుబట్టింది పెద్దపాపే. ఊళ్ళోవాళ్ళ పరిశోధన పత్రాలన్నీ దాని చేత జల్లెడ పట్టించడమే ఆమె ఉద్యోగం.

"మొహమాటం లేనిది నాన్నా అది. నీకైనా సరే, మొట్టికాయ వేసేస్తుంది."

"వేయించు. మీ అమ్మా నాయనమ్మా వేసేవి నాకు చాలడం లేదు."

మొదటి మొట్టికాయ మూడో పట్టిక మీద పడింది. కూడికలో ఒకటి తేడా. నాన్న నాలిక్కరుచుకున్నాడు. రెండోది, ఎవరిదో పాత వ్యాసం అచ్చయిన సంవత్సరం తప్పు రాశాడు. "వయసైపోయింది నాన్నా నీకు," అంటూ నవ్వింది.

మూడోది చదువుతుండగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"పదిహేడో నంబరు బాలుడి కొలతలు చూడండి. చివరి నాలుగేళ్ళూ, మిగతా పిల్లలు సగటున ఎంత పెరిగితే ఇతనూ సరిగ్గా అంతే పెరిగాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఇవి నిజంగా కొలిచినవేనా?"

దీనికి ఏఐ అక్కర్లేదు. చిన్నప్పుడు నాన్నే చెప్పాడామెకి. పిల్లలు గడియారాలు కారమ్మా. ఒక ఏడు ప్యాంట్లన్నీ పొట్టి చేసి పారేస్తారు. ఇంకో ఏడు అలిగి కూర్చుంటారు. సగటు పిల్లాడనేవాడు కాగితం మీద తప్ప ఎక్కడా ఉండడు.

"ఇదేంటి నాన్నా?"

"ఆ ఒక్కటీ వదిలేయ్."

"నేను వదిలేస్తే పత్రికవాళ్ళు వదులుతారా? వాళ్ళ దగ్గరా ఇలాంటిదే ఉంటుంది. దొంగలెక్కల మాస్టారంటారు నిన్ను. ఈ ఒక్కడితో పాటు మిగిలిన యాభైతొమ్మిదిమందీ నీళ్ళలో కొట్టుకుపోతారు."

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

"ఎవరా అబ్బాయి?"

"పేర్లు బయటికి చెప్పకూడదు. తల్లిదండ్రులకి మాటిచ్చాం."

"బడి మానేశాడా? లేకపోతే నీకే వెళ్ళడానికి బద్ధకమేసిందా?" ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది. "అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నీకు అదీ చేతకాలేదు."

"పెద్దపాపా, మెల్లగా," అంది నాయనమ్మ.

"ఎందుకు మెల్లగా? నా దగ్గరికి దొంగలెక్క వచ్చిన ప్రతిసారీ, మా నాన్నయితే చచ్చినా ఇలా చేయడు అనుకునేదాన్ని. ఇకమీదట ఏమనుకోను?"

బల్ల చివర నాన్న టేపు ఉంది. అంకెలు అరిగిపోయిన పాత టేపు. దాన్ని తీసి ఆయన ముందు పడేసింది.

"వీధి చివరేగా బడి. ఆ అబ్బాయిని ఇప్పుడే పిలిపించు. ఇక్కడే గోడకి నిలబెట్టి కొలుద్దాం. టేపు నేను పట్టుకుంటాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కొళాయి మాత్రం పారుతూనే ఉంది.

నాన్న టేపుని చుట్టాడు. విప్పి, మళ్ళీ చుట్టాడు. తండ్రి అలా దొరికిపోయి కూర్చోవడం చూడలేక పెద్దపాప ల్యాప్‌టాప్ మూసేసి లేచిపోయింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. అమ్మ వడ్డించింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాయనమ్మ రంగుల ఊసెత్తలేదు. పెద్దపాప కంచంలో మెతుకులు కెలుకుతోంది.

నాన్న మంచినీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"పదిహేడో నంబరు చివరి నాలుగు కొలతలూ కొట్టేస్తున్నాను," అన్నాడు నెమ్మదిగా, అందరికీ వినబడేలా. "అవి కొలిచినవి కావు, నేను కల్పించినవి. పత్రికవాళ్ళకీ అదే రాస్తాను."

"అసలెందుకు చేశావు నాన్నా?" పెద్దపాప కళ్ళనిండా నీళ్ళు.

ఆయన అమ్మవైపు చూశాడు. ఆమె వెనకాల, మూసిన చిన్నగదివైపు చూశాడు.

"ఆ గుమ్మానికి రంగు వద్దులే అమ్మా," అన్నాడు నాయనమ్మతో.

తర్వాత కూతురివైపు తిరిగాడు.

"తమ్ముడు చనిపోయినప్పుడే వాడి ఎత్తు కూడా ఆపేయాల్సింది పెద్దపాపా, నాకే చేతులు రాలేదు."