ఇంజనీరుగారి సెన్సర్

"ఏమండీ, ఇదేదో ఈ-టూ అంటోంది!" వంటింట్లోంచి భార్య కేకేసింది.

ఇంజనీరు పేపరు పక్కన పడేసి, ఏమీ ఎరగనట్టు లేచి వెళ్ళాడు. ఎయిర్ ఫ్రైయర్ మీద ఎర్రగా ఈ-టూ వెలుగుతోంది. లోపల బంగాళాదుంప ముక్కలు పచ్చిగా పడున్నాయి.

"సెన్సర్ పోయింది. లోపల ఎంత వేడుందో దానికి తెలీట్లేదు," అన్నాడు పెద్ద డాక్టర్లా పెదవి విరిచి. "ఇంక లాభం లేదు."

లాభం లేకుండా చేసింది అతనే. నిన్న భార్య కూరగాయలకి వెళ్ళినప్పుడు డబ్బా విప్పి, సెన్సర్ వైరు చివరనున్న తెల్ల పిన్నును స్వహస్తాలతో ఊడబీకాడు. ఏం చేస్తాడు మరి? నూనె లేని తిండి మీద ఇంట్లోనూ ఆఫీసులోనూ ఉపన్యాసాలిచ్చి ఆ డబ్బాను మోసుకొచ్చింది అతనే. కొన్నాళ్ళుగా అట్టముక్కల్లాంటి వేపుళ్ళు నములుతూ "అబ్బ, ఎంత బావుందో!" అంటున్నదీ అతనే. నాలుక చచ్చిపోయింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు. డబ్బా దానంతటదే పాడైపోతే ఇటు పరువూ దక్కుతుంది, అటు నూనె వేపుడూ దక్కుతుంది.

"పోనీలెండి, మూకుట్లో వేయించేస్తాను," అంది భార్య. నూనె సీసా అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఇంజనీరుకి నోరూరింది. భోజనానికొచ్చిన బావమరిది నోరు మూసుకుని ఉంటే అంతా అనుకున్నట్టే జరిగేది.

"అదేంటి బావా! ఫ్యాక్టరీలో నువ్వు చేసేదే సెన్సర్ల పని కదా? ఇంత బుల్లి డబ్బా నీ వల్ల కాదా?"

"ఒరేయ్, నువ్వూరుకో," అంది అక్క.

"కాదక్కా, బాయిలర్లే బాగుచేస్తానంటాడుగా. అవన్నీ కోతలేనన్నమాట!"

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. నాలుకేమో వేపుడు అడుగుతోంది, మీసమేమో ఊరుకోనంటోంది. చివరికి ఎప్పట్లాగే మీసమే గెలిచింది.

"స్క్రూడ్రైవర్ ఇలా తే!"

"ఇప్పుడెందుకండీ, అందరికీ ఆకలేస్తోంది..."

"ఎంతసేపు? చిటికెలో పని!"

చిటికెలో పనేనని అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? బావమరిదికి వీపు అడ్డం పెట్టి, డబ్బా విప్పి, తెల్ల పిన్నును గుట్టుగా దాని చోట్లో తగిలించాడు. మూత బిగించి, గంభీరంగా బటన్ నొక్కాడు.

ఈ-టూ.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఈ-టూ. ఇప్పటిదాకా నటించిన కంగారు ఇప్పుడు నిజంగానే వచ్చింది. మీటరు తెచ్చి పరీక్షించాడు. తయారుచేసినవాళ్ళని తిట్టాడు. తనకి డిగ్రీ ఇచ్చినవాళ్ళని కూడా కాస్త తిట్టుకున్నాడు.

"ఏం బావా, చిటిక ఇంకా అవ్వలేదా?" అన్న బావమరిది, తన ఫోను మోగడంతో బాల్కనీలోకి వెళ్ళాడు.

ఇంజనీరు వైరు వెంట వేలు పోనిస్తూ లోపలిదాకా వెళ్ళి ఆగిపోయాడు. వైరు మధ్యలో శుభ్రంగా తెగి ఉంది. తను దొంగతనం చేసిన ఇంట్లో ఇంకో దొంగ అడుగులు కనబడ్డట్టయింది.

"కత్తెరతో కోశారు!" అన్నాడు గొంతు నొక్కిపెట్టి. "ఎవరో కావాలని చేసిన పని ఇది. నువ్వేనా?"

"నేనే," అంది భార్య, మూకుట్లో నూనె పోస్తూ.

అతనికి పట్టరాని కోపం వచ్చింది. తన సంగతి తాత్కాలికంగా మర్చిపోయాడు.

"నచ్చకపోతే నోటితో చెప్పలేవూ? ఇలా దొంగచాటుగా వైర్లు కొయ్యడమేంటి, సిగ్గులేకుండా!"

భార్య బాల్కనీ వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"పొద్దున మీరు స్నానానికెళ్ళినప్పుడు ఆ తెల్ల పిన్ను పీకేద్దామనే విప్పానండీ. చూస్తే తమరు ముందే పీకేసి ఉన్నారు. మా తమ్ముడు ఒక్క మాటంటే చాలు, రోషానికి పోయి మళ్ళీ తగిలించేస్తారని నాకు తెలీదూ? అందుకే కోశాను!"